కెమిస్ట్రీ పీహెచ్‌డీకి దరఖాస్తు: ఈ ఏడాదా, వచ్చే ఏడాదా?

కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేయాలని గట్టిగా అనుకున్నవారిని కూడా ఒక ప్రశ్న నెలల తరబడి తేలనివ్వదు. దరఖాస్తు ఈ ఏడాదే పెట్టాలా, లేక ఒక ఏడాది ఆగాలా? ఎవరినడిగితే వారొక సమాధానం చెబుతారు. చదువు మీద ధ్యాస ఉండగానే వెళ్ళిపొమ్మని ఒక ప్రొఫెసర్ అంటారు, కొన్నాళ్ళు ఉద్యోగం చేసి లోకం చూసి రమ్మని ఒక సీనియర్ అంటారు, ఇంట్లోవాళ్ళు వయసు లెక్క వేస్తారు. వీరెవరి మాటా తప్పు కాదు, అయితే ఒక్కొక్కరూ ఒక్కో వేరే ప్రశ్నకు జవాబు చెబుతున్నారు. పరిశోధన చేయడానికి నేను సిద్ధంగా ఉన్నానా అన్నది ఒక ప్రశ్న. ఆ సంసిద్ధత నన్ను ఎన్నడూ చూడని ఒక కమిటీకి కాగితం మీద కనిపిస్తుందా అన్నది ఇంకొక ప్రశ్న. నిధులు, గైడు, కుటుంబ పరిస్థితులు ఈ ఏడాది కలిసివస్తాయా అన్నది వేరే. మొదటి ప్రశ్నకు అవుననీ, రెండో ప్రశ్నకు ఇంకా లేదనీ జవాబు చెప్పుకోవలసిన స్థితిలో ఉన్న విద్యార్థులు చాలామంది ఉంటారు. తొందరపడి నష్టపోయేదీ, అనవసరంగా తమను తాము తక్కువ చేసుకునేదీ ఎక్కువగా వారే.

ముందుగా క్యాలెండరు సంగతి చూడాలి, ఎందుకంటే లెక్క తప్పేది అక్కడే. అమెరికాలో కెమిస్ట్రీ విభాగాలు పీహెచ్‌డీ ప్రవేశాలను చాలావరకు ఏడాదికి ఒక్కసారే, ఆగస్టు లేదా సెప్టెంబరులో మొదలయ్యే ఫాల్ సెమిస్టర్‌కు జరుపుతాయి. దరఖాస్తుల గడువు మాత్రం అంతకు ముందటి డిసెంబరులోనే, మహా అయితే జనవరి మొదట్లోనే ముగుస్తుంది. అంటే నాలుగేళ్ళ డిగ్రీ పూర్తికాగానే నేరుగా పీహెచ్‌డీలో చేరాలనుకునేవారు ఏడో సెమిస్టర్ ఇంకా నడుస్తుండగానే దరఖాస్తు పంపాలి. అప్పటికి మార్కుల పట్టికలో ఉండేది ఆరు సెమిస్టర్లే. చివరి ఏడాది ప్రాజెక్టు అప్పుడప్పుడే గాడిన పడుతుంటుంది. నాలుగేళ్ళ చదువని మనం అనుకునేది కమిటీ దృష్టిలో మూడేళ్ళ మూడు నెలల చదువు మాత్రమే. వసంతంలో వచ్చే మంచి ఫలితం, మే నెలలో సమర్పించే థీసిస్, ఆఖరి సెమిస్టర్‌లో పుంజుకున్న మార్కులు, ఇవేవీ ఆ దరఖాస్తులోకి ఎక్కవు.

పాఠ్యక్రమం దీన్ని ఇంకాస్త జటిలం చేస్తుంది. ఆర్గానిక్ కెమిస్ట్రీ సాధారణంగా రెండో ఏడాదిలో వస్తుంది, ఫిజికల్ కెమిస్ట్రీ మూడో ఏడాదిలో వస్తుంది, లోతైన ఇనార్గానిక్, పరికరాలతో చేసే విశ్లేషణ చాలాచోట్ల నాలుగో ఏడాదికి గాని రావు. అందుకే రెండో ఏడాదిలో ఆర్గానిక్ మీద ఇష్టం ఏర్పడిన విద్యార్థి, మిగతా శాఖల్లో సగం చూడకుండానే, తాను సహజ పదార్థాల సంశ్లేషణ మీద పనిచేస్తానని దరఖాస్తులో రాసేస్తాడు. ఆ తర్వాత ఆఖరి సెమిస్టర్‌లో స్పెక్ట్రోస్కోపీ ల్యాబులో ఒక అణువు ఎలా కదులుతుందో, ఎలా కంపిస్తుందో గీతలుగా కళ్ళముందు కనబడితే మనసు అటు మళ్ళుతుంది. అమెరికా పద్ధతిలో ఇది సర్దుబాటు కాగల విషయమే, ఎందుకంటే అక్కడ ప్రవేశం ఇచ్చేది చాలావరకు విభాగం. గైడును ఎంచుకునేది చేరిన తర్వాత, మొదటి సెమిస్టర్‌లోనో, కొన్ని వారాల చొప్పున రెండు మూడు ల్యాబులు తిరిగి చూసే రొటేషన్ల తర్వాతో. అయినా ఎంచుకున్న విభాగం సంశ్లేషణలో బలంగా ఉండి స్పెక్ట్రోస్కోపీలో ఒక్కరే ప్రొఫెసర్ ఉంటే, మనసు మారినవారికి దారి ఇరుకవుతుంది.

దరఖాస్తులో కమిటీ దేన్ని చూస్తుందో తెలియకుండా సమయం గురించి మాట్లాడుకోవడం వృథా. అమెరికా గ్రాడ్యుయేట్ ప్రవేశాలకు రాసే జీఆర్‌ఈ పరీక్షలో కెమిస్ట్రీకి ప్రత్యేకంగా ఒక సబ్జెక్ట్ టెస్టు ఉండేది. దాన్ని నిర్వహించే ఈటీఎస్ సంస్థ 2023లో నిలిపివేసింది. జీఆర్‌ఈ జనరల్ టెస్టును కూడా ఎన్నో కెమిస్ట్రీ విభాగాలు అడగడం మానేశాయి. పేరు మోయని కళాశాల నుంచి వచ్చినవారికి, ఒకటి రెండు సెమిస్టర్లలో మార్కులు జారినవారికి ఒకప్పుడు ఆ పరీక్ష తమను నిరూపించుకునే అవకాశంగా ఉండేది. ఇప్పుడు ఆ బరువంతా మూడు సిఫారసు లేఖల మీద, పరిశోధన అనుభవం మీద, విద్యార్థి తన పరిశోధన ఆసక్తి గురించి స్వయంగా రాసే స్టేట్‌మెంట్ మీద పడింది. ఈ మూడూ రాత్రికి రాత్రి తయారయ్యేవి కావు. అందుకే ఎప్పుడు దరఖాస్తు చేయాలన్న ప్రశ్నకు నా సమాధానం వయసుతోనో, డిగ్రీ ముగిసే తేదీతోనో ముడిపడి లేదు. మీరు ల్యాబులో ఏం చేశారో కళ్ళారా చూసి, దాన్ని వివరంగా చెప్పగల మనుషులు కనీసం ఇద్దరు ఉన్నప్పుడు దరఖాస్తు చేయాలి.

దీన్ని ఒక ఉదాహరణతో దగ్గరగా చూద్దాం. ఒక విద్యార్థిని ఆరు నెలలుగా ఒక సంశ్లేషణ ల్యాబులో పనిచేస్తోందని ఊహించుకోండి. ఆమె చేసే చర్యలో ఎన్-బ్యూటైల్ లిథియం అనే బలమైన క్షారాన్ని మైనస్ 78 డిగ్రీల సెల్సియస్ దగ్గర, డ్రై ఐస్, అసిటోన్ కలిపిన చల్లని తొట్టిలో చుక్కచుక్కగా కలపాలి. వేసవిలో 80 శాతం దిగుబడి ఇచ్చిన ఆ చర్య సెప్టెంబరుకల్లా 50 శాతం దగ్గర ఆగిపోయింది. ల్యాబులో అందరూ తలా ఒకటి అన్నారు. ముడిపదార్థంలో తేమ ఉందని ఒకరు, ద్రావణి పాతబడిందని మరొకరు, చెయ్యి తిరగలేదని ఇంకొకరు. ఆమె మూడు వారాల పాటు ఒక్కొక్కటీ మార్చి చూసింది. ముడిపదార్థాన్ని మళ్ళీ శుద్ధి చేసింది, ద్రావణి అయిన టీహెచ్‌ఎఫ్‌లోని తేమను మళ్ళీ తీసేసింది, ప్రతిసారీ, చర్య ఎంతవరకు జరిగిందో చూపే టీఎల్‌సీ పలకను అతినీలలోహిత దీపం కింద పెట్టి అదే మిగిలిపోయిన ముడిపదార్థపు మచ్చను చూసింది. నాలుగో వారం మొదట్లో ఒక చిన్న ఫ్లాస్కులో డైఫినైల్ అసిటిక్ ఆమ్లాన్ని తూచి, టీహెచ్‌ఎఫ్‌లో కరిగించి, సీసాలోని బ్యూటైల్ లిథియంను చుక్కలుగా వేస్తూ పసుపు రంగు వచ్చి నిలిచిపోయేదాకా చూసింది. సీసా మీద గాఢత 2.5 మోలార్ అని ఉంది. లెక్క కడితే వచ్చింది 1.7, అంటే సీసాలోని ద్రావణం బలం తగ్గిపోయింది. ఇన్నాళ్ళూ తాను 1.1 ఈక్వివలెంట్లు (ముడిపదార్థం ప్రతి అణువుకు 1.1 చొప్పున) వేస్తున్నానని అనుకుంటూ నిజానికి 0.75 మాత్రమే వేసింది.

ఈ సంగతి తెలిసిన గైడు రాసే లేఖ ఒక రకంగా ఉంటుంది. ఆ విద్యార్థిని తన కోర్సులో ఏ గ్రేడు తెచ్చుకుందన్నది ఒక్కటే తెలిసిన అధ్యాపకుడు రాసే లేఖ మరో రకంగా ఉంటుంది. రెండో లేఖలో, తరగతిలో మొదటి ఐదుగురిలో ఒకరని, క్రమశిక్షణ గల విద్యార్థిని అని, ఎక్కడికి వెళ్ళినా రాణిస్తుందని ఉంటుంది. అందులో అబద్ధమేమీ లేదు, కానీ అటువంటి వాక్యాలు కమిటీ ముందున్న దాదాపు ప్రతి దరఖాస్తులోనూ ఉంటాయి. మొదటి లేఖలో ఆ మూడు వారాలు, ఆమె తనంతట తాను గాఢతను కొలిచే ఆ టైట్రేషన్ చేయాలనుకోవడం, ఆ తర్వాత ల్యాబులో కొత్త సీసా తెరిచిన తేదీని, టైట్రేషన్ విలువను లేబుల్ మీద రాసే అలవాటు మొదలవడం ఉంటాయి. పీహెచ్‌డీలో అయిదారేళ్ళు చేయవలసిన పని అచ్చం ఇదే కాబట్టి, దాన్ని ఈమె ఇప్పటికే చేసిందని కమిటీకి అర్థమవుతుంది. ఇక్కడ గమనించవలసింది తేదీ. సంఘటన జరిగింది సెప్టెంబరు చివర్లో, లేఖ వెళ్ళేది డిసెంబరులో. ఆమె ఆ ల్యాబులో మార్చిలో కాకుండా ఆగస్టు ఆఖరున చేరి ఉంటే, డిసెంబరు నాటికి ఆమె ఇంకా పదార్థాలను వేరుచేసే కాలమ్ వేయడం నేర్చుకుంటూ ఉండేది. అప్పుడు గైడు ఎంత మంచివారైనా, ఉత్సాహంగా నేర్చుకుంటోంది అని తప్ప ఏమీ రాయలేకపోయేవారు. అదే మనిషి, అవే మార్కులు, అదే తెలివి ఉన్నా అయిదు నెలల తేడాతో దరఖాస్తు పూర్తిగా వేరేదవుతుంది.

కాబట్టి మూడో ఏడాది వేసవి ముగిసేనాటికి కనీసం ఒక ల్యాబులో ఒక సెమిస్టరూ ఒక పూర్తి వేసవీ గడిపినవారు, ఇతరత్రా అడ్డంకులు లేకపోతే, నేరుగా దరఖాస్తు చేయడం సబబు. పరిశోధనలో అడుగుపెట్టిందే నాలుగో ఏడాది మొదట్లో అయితే, ఆ ఏడాది పూర్తిగా పనిచేసి, థీసిస్ రాసి, తర్వాతి డిసెంబరులో దరఖాస్తు చేయడం నా అభిప్రాయంలో మేలు. ఇది వెనకబడటం కాదు. పీహెచ్‌డీ అయిదు నుంచి ఆరేళ్ళ పని. దానికి ముందు ఒక ఏడాది అటూ ఇటూ కావడం వల్ల పోయేదాని కంటే, తనకు సరిపడని విభాగంలోకి, సరిపడని ల్యాబులోకి వెళ్ళి రెండేళ్ళ తర్వాత మళ్ళీ మొదలుపెట్టడం వల్ల పోయేది చాలా ఎక్కువ.

డబ్బు లెక్క కూడా ఇక్కడ చాలామంది అనుకున్నట్టు ఉండదు. అమెరికాలో కెమిస్ట్రీ పీహెచ్‌డీకి చేరడానికి మాస్టర్స్ డిగ్రీ సాధారణంగా అవసరం లేదు. చేరినవారికి ట్యూషన్ ఫీజు మాఫీతో పాటు స్టైపెండ్ కూడా ఇవ్వడం ఆనవాయితీ. మొదట్లో బోధన సహాయకులుగా, అంటే టీఏలుగా అండర్‌గ్రాడ్యుయేట్ ల్యాబు తరగతులు నడిపిస్తూ, తర్వాత గైడు గ్రాంటు మీద పరిశోధన సహాయకులుగా, అంటే ఆర్‌ఏలుగా ఆ జీతం వస్తుంది. దీనికి భిన్నంగా విడి మాస్టర్స్ కోర్సులకు చాలాచోట్ల సొంత డబ్బు పెట్టుకోవాలి. ఈ కారణంగా, పరిశోధన అనుభవం తక్కువై ఒక ఏడాది కావాలనుకునేవారికి, ఖర్చు పెట్టి మాస్టర్స్ చేయడం కంటే జీతం తీసుకుంటూ ఒక ల్యాబులో పనిచేయడం చాలా సందర్భాల్లో మెరుగైన దారి. మూడేళ్ళ డిగ్రీ చదివినవారి సంగతి వేరు. కొన్ని విశ్వవిద్యాలయాలు నాలుగేళ్ళ చదువుకు సమానమైన అర్హత అడుగుతాయి కాబట్టి వారికి మాస్టర్స్ అవసరం పడవచ్చు. అప్పుడు కూడా క్యాలెండరు లెక్క అదే. రెండేళ్ళ మాస్టర్స్‌లో రెండో ఏడాది డిసెంబరు నాటికి థీసిస్ పని ఎంతదాకా వస్తుందో చూసుకోవాలి. మొదటి ఏడాదంతా తరగతులతోనే గడిచిపోతే అదే ఇబ్బంది మళ్ళీ ఎదురవుతుంది.

యూరప్ ఖండంలో ఈ ప్రశ్న రూపమే మారిపోతుంది. 1999లో మొదలైన బొలోన్యా ప్రక్రియ తర్వాత అక్కడ చాలా దేశాల్లో మూడేళ్ళ బ్యాచిలర్స్, రెండేళ్ళ మాస్టర్స్, ఆ తర్వాత మూడు నాలుగేళ్ళ పీహెచ్‌డీ అనే వరుస స్థిరపడింది. జర్మనీ, స్విట్జర్లాండ్ వంటి చోట్ల పీహెచ్‌డీ అంటే చాలావరకు ఒక ప్రొఫెసర్ బృందంలో ఖాళీ అయిన, జీతంతో కూడిన స్థానం. ప్రకటన ఏ నెలలోనైనా రావచ్చు. అక్కడ డిసెంబరు కోసం ఎదురుచూడటంలో అర్థం లేదు. మాస్టర్స్ థీసిస్ ముగియడానికి ఆరేడు నెలల ముందు నుంచి, తనకు నచ్చిన బృందాల ప్రకటనలను గమనిస్తూ, ప్రొఫెసర్లకు నేరుగా రాయడమే పద్ధతి. ఇంకొక ముఖ్యమైన తేడా ఏమిటంటే, అక్కడ దరఖాస్తు చేసే రోజే ప్రాజెక్టు దాదాపు ఖరారై ఉంటుంది. చేరాక చూసి ఎంచుకుందామన్న వెసులుబాటు తక్కువ కాబట్టి, ఏ శాఖలో పనిచేయాలో ఇంకా తేలనివారు అక్కడికి తొందరగా వెళ్ళడం ప్రమాదం. బ్రిటన్‌లో ఎంకెమ్ అనే నాలుగేళ్ళ సమీకృత మాస్టర్స్ డిగ్రీ తర్వాత నేరుగా పీహెచ్‌డీకి వెళ్తారు. స్కాలర్‌షిప్పుల గడువులు ఒక్కో చోట ఒక్కో విధంగా ఉంటాయి కాబట్టి శరదృతువులోనే వాటిని చూసి పెట్టుకోవాలి.

ఇక ఆగడం గురించి. ఏడాది ఆగుతున్నానని చెప్పడం సులభమే, ఆ ఏడాదిలో ఏముంటుందన్నదే దాని విలువను నిర్ణయిస్తుంది. ఔషధ కంపెనీలో నాణ్యత నియంత్రణ విభాగంలో, అంటే క్యూసీలో ఉద్యోగం తీసుకుందాం. రోజూ అదే పద్ధతి ప్రకారం మిశ్రమంలోని పదార్థాలను వేరుచేసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ పరికరం మీద నమూనాలు నడపడం, గ్రాఫులో శిఖరాల వైశాల్యాలు చూడటం, రికార్డు రాయడం అక్కడి పని. పరికరాన్ని విప్పి బాగుచేయడం, రాతకోతల్లో ఒక్క అంకె కూడా జారనివ్వకపోవడం అక్కడ వచ్చినంతగా కళాశాలలో రావు. నేను ఆ పనిని ఎంతో గౌరవిస్తాను. అయితే అక్కడ పద్ధతి నుంచి పక్కకు వెళ్ళడమే తప్పు. పరిశోధనలో కావలసింది, పద్ధతి ఎందుకు పనిచేయడం లేదో ప్రశ్నించడం. పైగా కంపెనీలో చేసిన పనిలో చాలాభాగం గోప్యత ఒప్పందాల కింద ఉంటుంది. ఏ అణువు మీద పనిచేశారో, ఏ ఇబ్బందిని ఎలా దాటారో స్టేట్‌మెంట్‌లో రాయలేరు, మేనేజరు లేఖలోనూ వివరాలు ఉండవు. రెండేళ్ళ కష్టం దరఖాస్తులో రెండు పొడి వాక్యాలుగా మిగులుతుంది. అదే ఏడాదిని విశ్వవిద్యాలయ ల్యాబులో పరిశోధన సహాయకులుగానో, జాతీయ పరిశోధన సంస్థలోనో, కంపెనీలోనే అయినా కొత్త పద్ధతులు రూపొందించే విభాగంలోనో గడిపితే, చెప్పుకోవడానికి ఒక ప్రశ్న, దాని వెంట నడిచిన దారి మిగులుతాయి. ఇంటి అవసరాల కోసం ఉద్యోగం చేయక తప్పనివారికి ఈ ఎంపిక ఉండకపోవచ్చు. అటువంటివారు డిగ్రీలో తమ ప్రాజెక్టును చూసిన గైడుతో సంబంధం తెగకుండా చూసుకోవడం ఎంతో అవసరం.

లేఖలు పాతబడతాయన్న సంగతి చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. కళాశాల వదిలిన రోజున గైడుకు మీ గురించి ప్రతి చిన్న విషయమూ గుర్తుంటుంది. రెండేళ్ళ తర్వాత కొత్త విద్యార్థులు వచ్చి, పాతవన్నీ కలగలిసిపోయి, బాగా పనిచేసినట్టు గుర్తు అన్న స్థాయికి చేరుతుంది. అందుకే ఆగాలని నిర్ణయించుకున్నవారు వెళ్ళేముందే, లేఖను ఇప్పుడే రాసి దగ్గర ఉంచమని గైడును అడగాలి. తాము చేసిన పనిని, ఏది పనిచేసింది, ఏది పనిచేయలేదు అన్నది ఒకటి రెండు పేజీల్లో రాసి వారికి ఇవ్వాలి. అడగడానికి మొహమాటపడవలసిన పని లేదు, చాలామంది ప్రొఫెసర్లకు అది సౌకర్యం కూడా. పరీక్షల స్కోర్ల కాలపరిమితి కూడా చూసుకోవాలి. జీఆర్‌ఈ స్కోరు అయిదేళ్ళు చెల్లుతుంది, ఇంగ్లిష్ పరీక్ష టోఫెల్ స్కోరు రెండేళ్ళే. అమెరికా పౌరులకు, అక్కడ శాశ్వత నివాసం ఉన్నవారికి ఇంకొక లెక్క ఉంది. నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ఇచ్చే గ్రాడ్యుయేట్ రీసెర్చ్ ఫెలోషిప్‌కు గ్రాడ్యుయేట్ స్కూల్లో చేరిన తర్వాత ఒక్కసారే దరఖాస్తు చేసే వీలుంది. చేరకముందు చేసినవి ఆ లెక్కలోకి రావు. కాబట్టి మధ్యలో తీసుకున్న ఏడాది వారికి ఇంకొక అవకాశాన్ని ఇస్తుంది.

ఆగితే చదువు అలవాటు తప్పిపోతుందన్న భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను, కానీ దాన్ని ఉన్నదానికంటే పెద్దదిగా చూపిస్తారు. ఫ్రాన్సెస్ ఆర్నాల్డ్ 1979లో ప్రిన్స్‌టన్‌లో పట్టా తీసుకున్నది మెకానికల్, ఏరోస్పేస్ ఇంజనీరింగ్‌లో. ఆ తర్వాత సౌరశక్తి పరిశోధన సంస్థలో పనిచేసి, బర్క్‌లీలో కెమికల్ ఇంజనీరింగ్‌లో చేరి, 1985లో పీహెచ్‌డీ పూర్తిచేశారు. ఎంజైములను ప్రయోగశాలలో పరిణామం చెందించే పద్ధతికి 2018లో రసాయన శాస్త్ర నోబెల్ బహుమతి ఆమెను వరించింది. మధ్యలో ఉద్యోగం చేయడమూ శాఖ మారడమూ ఆమె దారికి అడ్డు కాలేదు. కోయిచి తనాకా ఇంకొక దారి చూపారు. తోహోకు విశ్వవిద్యాలయం నుంచి ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌లో బ్యాచిలర్స్ డిగ్రీతో 1983లో షిమాడ్జు సంస్థలో చేరి, పెద్ద జీవాణువులను లేజరుతో అయాన్లుగా మార్చి మాస్ స్పెక్ట్రోమీటర్‌లో తూచే పద్ధతికి 2002 నోబెల్ బహుమతిలో భాగం పొందారు. అప్పటికి ఆయనకు పీహెచ్‌డీ లేదు. ఇటువంటి అరుదైన జీవితాల నుంచి అందరికీ వర్తించే సూత్రం తీయకూడదని నాకు తెలుసు. ఇరవై రెండేళ్ళకు చేరకపోతే కెమిస్ట్రీలో తలుపులు మూసుకుపోతాయన్న మాట నిజం కాదని చెప్పడానికి మాత్రం ఇవి చాలు.

తొందరపడటానికి చెప్పుకునే కారణాల్లో ఒకటి మాత్రం నన్ను నిజంగా కలవరపెడుతుంది. ఉద్యోగాలు దొరకడం లేదు కాబట్టి పీహెచ్‌డీ చేద్దామనుకోవడం. చేరిన మొదటి ఏడాది తరగతులు, టీఏ పని, కొత్త ఊరు, వీటితో ఆ అసలు కారణం బయటపడదు. రెండో ఏడాది చివర్లో అర్హత పరీక్ష దాటాక, ల్యాబులో ఒక్క ప్రశ్నతో ఒంటరిగా మిగిలినప్పుడు బయటపడుతుంది. ఇక్కడ ఎవరికి వారు వేసుకోగల పరీక్ష ఒకటుంది. ఫలితం రాని మూడు వారాలు గడిచాక, నాలుగో సోమవారం ఉదయం ల్యాబుకు వెళ్ళేటప్పుడు మనసులో ఏముందో గుర్తు చేసుకోవాలి. విసుగు ఉండటం సహజం. ఆ విసుగు వెనక, ఇంకొకటి ప్రయత్నించాలన్న ఆలోచన కూడా ఉందా? అటువంటి మూడు వారాలు ఇంతవరకు అనుభవంలోకే రాకపోతే, ఈ ప్రశ్నకు జవాబు చెప్పే స్థితి ఇంకా రాలేదన్నమాట. దరఖాస్తుకు ముందు ఇంకొంత కాలం ల్యాబులో గడపడానికి అదే సరైన కారణం.

మన చేతిలో లేని విషయాలు కూడా ఉన్నాయి. 2025లో అమెరికాలో ప్రభుత్వ పరిశోధన నిధులపై అనిశ్చితి ఏర్పడినప్పుడు కొన్ని విశ్వవిద్యాలయాలు పీహెచ్‌డీ ప్రవేశాలను తగ్గించుకున్నాయి. అటువంటి ఏడాది తిరస్కారం వస్తే అది మీ యోగ్యత మీద తీర్పు కాదు. అలాగని నిధులు మెరుగయ్యేదాకా ఆగుదామని కూర్చోవడమూ నాకు సరిగా తోచదు, ఎందుకంటే వచ్చే ఏడాది ఎలా ఉంటుందో ఎవరూ చెప్పలేరు. మీ దరఖాస్తు బలంగా ఉంటే పంపాలి, జాబితాలో మాత్రం ఒకే రకమైన విభాగాలు లేకుండా చూసుకోవాలి. ప్రొఫెసర్ల సంగతి మాత్రం ముందుగానే తెలుసుకోగలిగింది. కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్ తొలి రెండు మూడేళ్ళలో విద్యార్థుల కోసం చూస్తారు. పదవీ విరమణకు దగ్గరపడినవారు కొత్తవారిని తీసుకోకపోవచ్చు. మీకు నచ్చిన వ్యక్తి ఈ ఏడాది సెలవు మీద ఉండవచ్చు. ఒక విభాగంలో కనీసం ముగ్గురి దగ్గర సంతోషంగా పనిచేయగలనని అనిపించకపోతే అక్కడికి దరఖాస్తు చేయవద్దన్నది పాత సలహా. నేను కూడా అదే చెబుతాను.

ఇవన్నీ కలిపి చూస్తే, డిసెంబరులో పంపే దరఖాస్తు మీద నిర్ణయం డిసెంబరులో తీసుకునేది కాదు, దాన్ని జూన్, జూలై నెలల్లోనే తీసుకోవాలి. ఒక కాగితం మీద మీకు లేఖ రాయగల ముగ్గురి పేర్లు రాసి, ప్రతి పేరు పక్కన వారు మిమ్మల్ని ఏ పనిలో, ఎంతకాలం, ఎంత దగ్గరగా చూశారో ఒక్క వాక్యం రాయండి. మొదటి రెండు వాక్యాల్లో ల్యాబు పని ఉండి, మూడోదానిలో ఒక కోర్సు ఉంటే ఇబ్బంది లేదు. మూడింటిలోనూ కోర్సులే ఉంటే, ఈ వేసవీ రాబోయే సెమిస్టరూ దాన్ని మార్చగలవా అని గైడును సూటిగా అడగాలి. "సార్, ఈ డిసెంబరుకు మీరు నా గురించి బలమైన లేఖ రాయగలరా, లేక ఇంకొక ఏడాది పనిచేశాక అయితే మెరుగ్గా ఉంటుందా?" అని అడిగితే, ఏ మంచి గైడూ నొచ్చుకోరు. వారు తడుముకుంటే అదే జవాబు. ఆగస్టులో స్టేట్‌మెంట్ మొదటి చిత్తు రాయాలి. అది రాసేటప్పుడు, ఏ ప్రశ్న మీద పనిచేయాలనుకుంటున్నారో రెండు పేరాల్లో చెప్పలేకపోతే, చదవవలసిన పరిశోధన పత్రాలు ఇంకా ఉన్నాయన్నమాట. సెప్టెంబరు, అక్టోబరుల్లో ప్రొఫెసర్లకు, వచ్చే ఏడాది విద్యార్థులను తీసుకుంటున్నారా అని నాలుగు వాక్యాల్లో రాయవచ్చు. లేఖలు రాసేవారికి గడువుకు కనీసం నెల ముందు జాబితా, స్టేట్‌మెంట్, పని వివరాలు అందాలి.

సగం సిద్ధంగా ఉన్నప్పుడు, పోయేదేముంది, ఒకసారి వేసి చూద్దామనుకోవడం కూడా ఖర్చు లేనిది కాదు. ప్రతి విశ్వవిద్యాలయానికీ దరఖాస్తు రుసుము కట్టాలి. కష్టంలో ఉన్నవారు మాఫీకి రాసి అడగవచ్చు, చాలా విభాగాలు ఇస్తాయి. అంతకంటే విలువైనవి, లేఖలు రాసేవారి సమయం, ప్రయోగాలు ఊపందుకోవలసిన ఏడో సెమిస్టర్‌లో మీరు స్టేట్‌మెంట్ల మీద పెట్టే వారాలు. రెండోసారి దరఖాస్తు చేయడం మచ్చేమీ కాదు, కానీ అవే లేఖలు, అదే స్టేట్‌మెంట్ మళ్ళీ పంపితే ఫలితం మారుతుందని ఆశించలేం. అందుకే అందరికీ కాకుండా, నిజంగా వెళ్ళాలనుకునే మూడు నాలుగు చోట్లకు మాత్రం పంపి, లేదంటే వచ్చే ఏడాది అనుకోవడం కొందరికి సరైన మధ్యమార్గం.

జనవరి నుంచి మార్చి వరకు జవాబులు వస్తాయి. ప్రవేశం వచ్చినవారిని విభాగాలు పిలిచి ల్యాబులు చూపిస్తాయి. విశ్వవిద్యాలయాల సంఘమైన కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ తీర్మానం ప్రకారం, స్టైపెండ్‌తో కూడిన ఆహ్వానానికి ఏప్రిల్ 15కు ముందే బదులివ్వవలసిన బాధ్యత విద్యార్థికి లేదు. ఆ తీర్మానంపై సంతకం చేసిన విశ్వవిద్యాలయం ఏదైనా తొందరపెడితే ఈ సంగతి గుర్తు చేయవచ్చు. ప్రవేశం వచ్చాక ఏడాది వాయిదా అడగడం కూడా ఉంది. కొన్ని విభాగాలు ఒప్పుకుంటాయి, కొన్ని మళ్ళీ దరఖాస్తు చేయమంటాయి, కాబట్టి అడగాలనుకుంటే సంతకం పెట్టకముందే అడగాలి. ఎక్కడా రానివారు, ఏప్రిల్ గడిచాక, తాము కోరుకున్న విభాగంలో ఒకరిద్దరికి మర్యాదగా రాసి, దరఖాస్తులో లోటు ఎక్కడ కనిపించిందని అడగవచ్చు. అందరూ చెప్పరు, చెప్పినవారు మాత్రం తరచుగా పరిశోధన అనుభవం గురించే చెబుతారు. అప్పటికి థీసిస్ దాదాపు పూర్తయి ఉంటుంది, గైడుకు మీ పని తెలిసి ఉంటుంది, తర్వాతి డిసెంబరుకు ఇంకా ఏడు నెలలకు పైగా ఉంటుంది. ఆ ల్యాబులోనే శరదృతువు దాకా కొనసాగే వీలుందా అని అదే వారం గైడును అడగడం మంచిది, ఎందుకంటే వేసవి స్థానాలు మే నెలకల్లా నిండిపోతాయి.